కుస్కోలో చవక హాస్టల్: మంచం ఎలా ఎంచుకోవాలి, మొదటి రాత్రులు ఎక్కడ గడపాలి

కుస్కోలో కొండవాలు మీదున్న సాన్ బ్లాస్ పేటలో మీరు చూసిన హాస్టల్ మంచిదే కావచ్చు, బుక్ చేసుకోండి. కాకపోతే మొదటి రాత్రులకు కాదు, చివరి రాత్రులకు.

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: టెక్సాస్‌లో చదువుకుంటున్న ఇద్దరు స్నేహితురాళ్లు, జూలైలో వారం రోజులు పెరూ, కుస్కో పాతబస్తీలో డార్మ్ మంచం (చాలామంది కలిసి పడుకునే గదిలో ఒక్కో మంచం), ఒకరు శాకాహారి. ఫోటోల్లో ఎర్ర పెంకుల ఇళ్లన్నీ కిందికి కనిపిస్తున్న ఆ వరండా చూసి ముచ్చటపడ్డారు. మొత్తం వారానికి ఒకేసారి బుక్ చేసేయవచ్చా, ఆడపిల్లలకు భద్రమేనా, తిండి సంగతేమిటి అని అడిగారు. కుస్కోలో నేను ఎప్పుడూ చవక చోట్లలోనే ఉన్నాను, చలిలోనూ వానల్లోనూ ఉన్నాను. అందుకే ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాయాలనిపించింది.

ముందు ఎత్తు సంగతి. లీమా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడ విమానం ఎక్కితే గంటన్నరలోపే కుస్కోలో దిగుతారు, అంటే దాదాపు 3,400 మీటర్ల ఎత్తులో. మనవాళ్లు వెళ్లే లేహ్ కూడా ఇంచుమించు ఇంతే ఎత్తు. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు పడిపోతుంది. దాంతో ప్రతి ఊపిరికీ ఒంటికి అందేది తగ్గిపోతుంది. దిగిన రెండు మూడు గంటలు ఏమీ తెలియదు. సాయంత్రానికి తలనొప్పి మొదలై, అన్నం సయించక, రాత్రి నిద్ర పట్టక నానా అవస్థ అవుతుంది. నిద్రలో ఊపిరి క్షణం ఆగినట్టయి మళ్లీ గబగబా ఆడుతుంది, ఉలిక్కిపడి లేస్తారు. కొత్త ఎత్తులో ఇది మామూలే. కానీ ముందుగా తెలియకపోతే అర్ధరాత్రి చీకటి డార్మ్‌లో చాలా భయమేస్తుంది.

ఇప్పుడు ఆ ఫోటో మళ్లీ చూడండి. ఊరంతా కిందికి కనిపిస్తోందంటే ఆ హాస్టల్ ఊరికి పైన ఉన్నట్టే. సాన్ బ్లాస్ సందులు చాలావాటిలోకి టాక్సీ రాదు. కింద ఎక్కడో దింపేస్తే, బ్యాగులు వీపున వేసుకుని రాతిమెట్లు ఎక్కాలి. మూడో రోజున అదొక సరదా. మొదటి రోజున అది మిమ్మల్ని పడుకోబెట్టేస్తుంది. వారం ప్రయాణంలో రెండు రోజులు మంచాన పడితే మిగిలేది ఎంత?

అందుకని నా మాట వింటే, విమానాశ్రయం నుంచి నేరుగా కుస్కో దగ్గరి పవిత్ర లోయకు (సేక్రెడ్ వ్యాలీ) దిగిపోండి. ఉరుబంబా సుమారు 2,870 మీటర్లు, ఒయాంతాయ్‌తాంబో దాదాపు 2,800. కుస్కో కన్నా 500 మీటర్లకు పైగా తక్కువ, ఒంటికి ఆ తేడా బాగా తెలుస్తుంది. కుస్కోలో పవీతోస్ అనే వీధి నుంచి కొలెక్తీవోలు, అంటే మన షేర్ ఆటోల పద్ధతిలో మనుషులు నిండగానే కదిలే వ్యాన్లు, రోజంతా వెళ్తుంటాయి. రెండు గంటల దారి. మధ్యలో చించేరో దగ్గర రోడ్డు కుస్కో కన్నా పైకెక్కి తర్వాత లోయలోకి దిగుతుంది, అక్కడ కాస్త తల దిమ్మెక్కినా కంగారుపడొద్దు. ఒయాంతాయ్‌తాంబోలో చిన్న చిన్న హాస్టళ్లు చాలా ఉన్నాయి. స్పానిష్‌వాళ్లకు ముందు ఆ నేలను ఏలిన ఇంకాల కాలం నాటి వీధుల్లో, రాతి కాలువల్లో నీళ్లు పారుతుండగా జనం నేటికీ కాపురాలు చేస్తున్న ఊరు అది. మాచు పిచుకు రైలు కూడా అక్కడి నుంచే. మాచు పిచు ఎత్తు 2,430 మీటర్లే కాబట్టి అది ముందు చూసేసి, ఒళ్లు అలవాటుపడ్డాక కుస్కోకు రండి. అప్పుడు సాన్ బ్లాస్ మెట్లు మీకు మెట్లలా కనిపిస్తాయి.

విమానం రాత్రి పొద్దుపోయాక దిగుతుంది, మొదటి రాత్రి కుస్కోలో తప్పదు అంటే చదునుగా ఉన్న చోట దిగండి. ఇంకాల సూర్యదేవాలయం కోరికాంచా దగ్గర లిమాక్‌పంపా కూడలి, అవెనీదా ఎల్ సోల్ పక్క వీధులు, సాన్ ఫ్రాన్సిస్కో కూడలి చుట్టుపక్కల టాక్సీ గుమ్మం దాకా వస్తుంది. ఫోటోలు అంత అందంగా ఉండకపోవచ్చు. ఆ రాత్రికి మీకు కావలసింది గుమ్మం ముందు ఆగే టాక్సీ, దగ్గరలో బాత్రూం, మెత్తని దుప్పటి.

మందుల విషయం. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా అసెటజోలమైడ్ చాలామంది వాడతారు. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందు రోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు జాగ్రత్తగా ఉండాలి, అందుకే మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డాక్టర్‌ని అడిగే తీసుకోండి. హాస్టల్ హాల్లో కోకా ఆకుల టీ ఉచితంగా పెడతారు, కడుపులో వెచ్చగా ఉంటుంది, తాగండి. అది మందుకు బదులు కాదు. ఆ ఆకులు గానీ టీ పొట్లాలు గానీ ఒక్కటి కూడా అమెరికాకు తెచ్చుకోవద్దు. పెరూలో చట్టబద్ధమైనది అమెరికా కస్టమ్స్ దగ్గర నేరం, వీసా మీద ఉన్న విద్యార్థులకు ఆ తలనొప్పి అసలు వద్దు. మొదటి రెండు రోజులు మద్యం ముట్టకండి, మితంగా తినండి, నీళ్లు తాగండి. ఊరికే కూర్చున్నా ఆయాసం వస్తున్నా, నడకలో తూలుతున్నా, మాట తడబడుతున్నా అది మామూలు తలనొప్పి కాదు. రిసెప్షన్‌లో చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కిందికి దిగాలి. తెల్లారాక చూద్దాం అనుకోకూడదు. ఇద్దరూ ఈ లక్షణాలు గుర్తుపెట్టుకుని ఒకరినొకరు గమనించుకోండి. ఎందుకంటే బాగాలేని మనిషి తనకేం కాలేదనే చెబుతుంది.

ఇక హాస్టల్ ఎంచుకోవడం. కుస్కో పాతబస్తీలో హాస్టళ్లు చాలావరకు స్పానిష్ కాలం నాటి పెద్ద ఇళ్లలో ఉంటాయి. 1533లో స్పానిష్ సేనలు ఊరిని పట్టుకున్నాక ఇంకాల రాతి గోడలను పునాదులుగా ఉంచి, వాటిపైన పచ్చి ఇటుకతో మిద్దెలు లేపారు. నడుమ రాళ్లు పరిచిన ముంగిలి, చుట్టూ రెండంతస్తుల్లో చెక్క వసారాలు, గదులన్నీ ఆ వసారాల్లోకే తెరుచుకుంటాయి. మన మండువా లోగిలి చూసినవాళ్లకు ఆ ఇంట్లో అడుగుపెట్టగానే కొత్త అనిపించదు. అలాంటి ఇంట్లో 10, 15 డాలర్లకు పడుకోగలగడం కుస్కో మనకిచ్చే గొప్ప వరం అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. స్టార్ హోటల్లో ఉన్నవాళ్లకు ఆ ఇంటి చప్పుడు తెలియదు.

కానీ ఆ ఇంటి నిర్మాణమే రాత్రి కష్టం కూడా. ముంగిలికి పైకప్పు ఉండదు కనుక చలి లోపలికే వస్తుంది. జూలై అక్కడ నడిచలికాలం. పగలు ఎండలో 20 డిగ్రీల దాకా ఉంటుంది, ఆ ఎత్తులో ఎండ చర్మాన్ని మాడ్చేస్తుంది. ఆరు లోపే పొద్దుగూకుతుంది, ఆపైన చలి దిగి తెల్లవారుజాముకు సున్నా దగ్గరికి వస్తుంది. చవక హాస్టళ్లలో హీటర్లు దాదాపు ఉండవు, బరువైన ఉన్ని దుప్పట్లు ఇస్తారు. ఇంకొకటి అడగడానికి మొహమాటపడకండి, అడిగితే ఇస్తారు. బాత్రూం ముంగిలి అవతల ఉంటే రాత్రి రెండింటికి ఆ చలిలో వసారా దాటి వెళ్లాలి. ఎత్తు మీద, పైగా అసెటజోలమైడ్ వేసుకుంటే, రాత్రి లేవడం ఖాయం. కాబట్టి గదిలోనే బాత్రూం ఉన్న డార్మ్‌కు రెండు మూడు డాలర్లు ఎక్కువైనా పెట్టండి. కింది మంచం అడగండి.

ముంగిలి ఇంట్లో మాటలు గదుల్లోకి దూరతాయి. హాస్టల్‌లోనే బార్ ఉంటే రాత్రి ఒంటిగంట దాకా పాటలు మీ తలగడ మీదే మోగినట్టుంటుంది. ఊరి ప్రధాన కూడలి ప్లాసా దె ఆర్మాస్ వెనక తెక్సెకోచా, ప్రొకురదోరెస్ వీధుల దగ్గర ఈ బెడద ఎక్కువ. యువత కలిసి ఆడిపాడే హాస్టళ్లు తప్పేం కాదు, స్నేహాలు అక్కడే కుదురుతాయి. కానీ తెల్లవారుజామున మూడింటికి యాత్రకు లేవాల్సిన వాళ్లకు అవి పనికిరావు. రివ్యూలు చదివేటప్పుడు మార్కులు చూడకండి. గత రెండు మూడు నెలల్లో రాసినవాటిలో చప్పుడు, వేడినీళ్లు, చలి అనే మూడు మాటల కోసం వెతకండి. జనవరిలో ఉన్నవాళ్ల మాట జూలై చలికి సాక్ష్యం కాదు.

మరొకటి, ఇది చాలామందికి తట్టదు. ఇద్దరు ఉన్నారు కాబట్టి రెండు డార్మ్ మంచాల ఖర్చుకే కుటుంబాలు నడిపే లాడ్జిలో విడి గది దొరకవచ్చు. బోర్డు మీద హోస్పెదాహే అని రాసి ఉంటుంది. ఇంటావిడే తలుపు తీస్తుంది, మీరు రాత్రి పదకొండుకు రాకపోతే ఆమె కంగారుపడుతుంది. మొదటి రెండు రాత్రులకు అలాంటి చోటు, ఒళ్లు కుదుటపడ్డాక పదిమందితో డార్మ్, ఇదీ నేను చెప్పే వరస.

స్నానాల గురించి ఒక్క మాట. కొన్నిచోట్ల షవర్ తలలోనే కరెంటు హీటర్ ఉంటుంది. నీళ్లు ధారగా వదిలితే చల్లగా వస్తాయి, సన్నగా వదిలితే వేడెక్కుతాయి. తడిచేత్తో ఆ షవర్ తలను, దాని వైరును ముట్టుకోవద్దు. టాయిలెట్‌లో కాగితం నీళ్లలో వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి, అక్కడి పైపులు తట్టుకోలేవు. మనకు నీళ్లు లేకపోతే తోచదు కాబట్టి సాన్ పెద్రో బజారులో ఒక ప్లాస్టిక్ మగ్గు కొనుక్కోండి, ప్రాణం హాయిగా ఉంటుంది. కుళాయి నీళ్లు తాగకండి. చాలా హాస్టళ్లలో కాచిన నీళ్లు గానీ వడపోసిన నీళ్లు గానీ ఇస్తారు, సీసా తీసుకెళ్లండి. కరెంటు 220 వోల్టులు, మన రెండు గుండ్రటి పిన్నుల ఛార్జర్లు పడతాయి.

గదిలో అడుగుపెట్టగానే గోడ మీద ఎస్ అక్షరం ఉన్న ఆకుపచ్చ గుర్తు ఎక్కడుందో చూసుకోండి. భూకంపం వస్తే నిలబడవలసిన చోటది. కుస్కోను 1650లోనూ 1950లోనూ భూకంపాలు బాగా దెబ్బతీశాయి. 1950లో సాంతో దొమింగో మఠం గోడలు కూలి, వాటి వెనక దాగిన కోరికాంచా నాటి ఇంకాల గోడలు బయటపడ్డాయి. సున్నం లేకుండా రాయికి రాయి పొదిగిన ఆ గోడలు చెక్కుచెదరలేదు. వాటిపైన కట్టిన పచ్చి ఇటుక మిద్దెలకే ముప్పు, మీరుండబోయేది ఆ మిద్దెలోనే.

తిండి. శాకాహారి స్నేహితురాలికి మొదటి సలహా: మాంసం తిననని చెబితే చాలదు. అక్కడివాళ్లు చాలామంది కోడిని ఆ లెక్కలో వేయరు. ‘నో కోమో కార్నె, ని పోయో, ని పెస్కాదో’ అని మాంసం, కోడి, చేప మూడూ పేరుపేరునా చెప్పాలి. సూప్‌లో ముక్కలు లేకపోయినా ఎముకల రసంతో కాచి ఉండవచ్చు, అది విడిగా అడగాలి. సాన్ పెద్రో బజారులో పండ్లరసాల అంగళ్లు వరసగా ఉంటాయి, గ్లాసు ఖాళీ చేయగానే అదే రసం కొసరు పోస్తారు. ఉడికించిన పెద్ద గింజల మొక్కజొన్న కంకి, పక్కన పచ్చి జున్ను ముక్క, పైన రొకోతో మిరపకాయ నూరిన పచ్చడి కలిస్తే నా దృష్టిలో కుస్కోలో అంతకు మించిన చిరుతిండి లేదు. రొకోతో చూడడానికి చిన్న క్యాప్సికంలా ఉంటుంది, కారం మాత్రం మన గుంటూరు నాలుకకు కూడా తెలుస్తుంది. చీఫాలు అనే చైనా హోటళ్లలో కూరగాయల ఫ్రైడ్ రైస్ ఎక్కడైనా దొరుకుతుంది. అవకాడోతో రొట్టె ఉదయానికి సరిపోతుంది.

హాస్టల్ వంటగది ఉంటే ఇంకా మేలు. అయితే ఒక విషయం తెలియాలి. ఆ ఎత్తులో నీళ్లు సుమారు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. మూతలేని గిన్నెలో పప్పు మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది. అక్కడి ఇల్లాళ్లంతా ప్రెషర్ కుక్కర్ వాడేది అందుకే. హాస్టల్ వంటింట్లో కుక్కర్ ఉందేమో ముందే మెసేజ్ పెట్టి అడగండి. లేకపోతే బియ్యం అరగంట నానబెట్టి, నీళ్లు కాస్త ఎక్కువ పోసి, మూత పెట్టి ఓపిగ్గా వండాలి. కందిపప్పు దొరకడం కష్టం, ఎండు బఠానీ బద్దలు దొరుకుతాయి. పాలీయో పేరుతో పసుపు అమ్ముతారు, జీలకర్ర పొడి, కొత్తిమీర, నిమ్మకాయలు సమృద్ధి. ఆవాలు, ఇంగువ, ఎండుమిర్చి చిన్న పొట్లం కట్టుకెళ్లండి, సీలు వేసినవి మాత్రమే, కస్టమ్స్‌లో ముందే చెప్పి చూపించండి. ఆండీస్ బంగాళాదుంపలతో చేసిన వేపుడు ఆ వంటింట్లో ఘుమఘుమలాడితే డార్మ్‌లో మీకు పరిచయాలు వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

డబ్బు గురించి. పెరూలో 60 రోజుల లోపు ఉండే విదేశీ యాత్రికులకు బస ఖర్చు మీద ఐజీవీ అనే అమ్మకపు పన్ను మినహాయింపు ఉంది. పాస్‌పోర్టు, దేశంలోకి ప్రవేశించిన వివరాలు చూపించాలి. బుకింగ్ సైట్లో పన్ను కలిపారో లేదో చూసుకుని రిసెప్షన్‌లో మర్యాదగా అడగండి. డాలర్ నోటుకు చిన్న చిరుగు ఉన్నా తీసుకోరు. చిల్లర సోల్‌లు (పెరూ డబ్బు) దగ్గర ఉంచుకోండి, చిన్న అంగళ్లలో పెద్ద నోటుకు చిల్లర ఉండదు. శాక్సాయ్‌వామన్, పిసాక్, ఒయాంతాయ్‌తాంబో వంటి 16 చూడదగ్గ చోట్లకు కలిపి ఒకే టూరిస్ట్ టికెట్ ఉంది, పది రోజులు చెల్లుతుంది. మాచు పిచు అందులో లేదు. దాని టికెట్ ప్రభుత్వ సైట్‌లో ఇప్పుడే తీసుకోండి. జూలైలో చాలా ముందే అయిపోతాయి. హాస్టల్ డెస్క్ మీద అది దొరుకుతుందని చెప్పినా దాన్ని నమ్ముకుని ప్రయాణం కట్టుకోవద్దు. అలాగే ఆ డెస్క్ దగ్గర మొదటిరోజే ఇంద్రధనుస్సు కొండ యాత్ర అంటగడతారు. వినికున్కా అనే ఆ కొండ ఎత్తు 5,000 మీటర్ల పైన. నాలుగైదు రోజులు ఆ ఎత్తుల్లో గడవందే దాని జోలికి పోకండి.

మాచు పిచు రైల్లో చిన్న బ్యాగు మాత్రమే ఎక్కనిస్తారు. పెద్ద సామాను హాస్టల్‌లో వదిలి వెళ్లడం అక్కడ మామూలే, చాలాచోట్ల ఉచితం. చీటీ ఇవ్వమని అడగండి, బ్యాగుకు తాళం వేయండి, ల్యాప్‌టాప్, పాస్‌పోర్టు అందులో వదలొద్దు. డార్మ్ లాకర్లకు మీ తాళం మీరే తీసుకెళ్లాలి.

భద్రత సంగతి. పగలు పాతబస్తీలో ఇద్దరు అమ్మాయిలు తిరగడానికి ఇబ్బంది లేదు. సాన్ పెద్రో బజారులో జేబుదొంగలుంటారు, బ్యాగు ముందుకు వేసుకోండి. చీకటి పడ్డాక ఆ బజారు చుట్టూ వీధులు నిర్మానుష్యం అవుతాయి, సాన్ బ్లాస్ పైమెట్లు కూడా అంతే. తొమ్మిది దాటితే టాక్సీ తీసుకోండి, రోడ్డు మీద చెయ్యెత్తి ఆపకుండా హాస్టల్ వాళ్లనో హోటల్ వాళ్లనో పిలిపించమనండి. మీటర్లు ఉండవు, ఎక్కే ముందే ధర మాట్లాడుకోవాలి. ఆడవాళ్లకు మాత్రమే కేటాయించిన డార్మ్‌లు చాలా హాస్టళ్లలో ఉన్నాయి, తేడా కొద్దిగానే ఉంటుంది. ఐపెరూ అనే ప్రభుత్వ సమాచార కేంద్రం ఊళ్లో ఉంది. అక్కడ ఏమీ అమ్మరు, ఏం అడిగినా ఓపిగ్గా చెబుతారు. పోలీసు నంబరు 105.

బంద్‌ల గురించి కూడా చెప్పాలి. 2022 డిసెంబరు నుంచి మరుసటి ఏడాది మొదటి నెలల దాకా జరిగిన ఆందోళనల్లో కుస్కో విమానాశ్రయం, మాచు పిచు మూతపడ్డాయి. చిన్న బంద్‌లు, రోడ్డు అడ్డగింతలు ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి రద్దు చేసుకోగల బుకింగే తీసుకోండి, తిరుగు విమానానికి ముందు రాత్రి తప్పకుండా కుస్కోలోనే ఉండండి. లోయలో కాదు.

చివరగా కాగితాలు. భారత పాస్‌పోర్టు మీద కనీసం ఆరు నెలలు చెల్లే అమెరికా వీసా ఉంటే పెరూకు విడిగా వీసా అక్కర్లేదు. మీ ఎఫ్1 విద్యార్థి వీసా స్టాంపు గడువు ఎంతుందో ఈరోజే చూసుకోండి, నిబంధన మారిందేమో కాన్సులేట్ సైట్లో సరిచూసుకోండి. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం మర్చిపోవద్దు, అది లేకుండా తిరిగి రావడం కష్టం. పెరూ నుంచి ఆరు రోజుల లోపు హైదరాబాద్‌కో విజయవాడకో వెళ్లే ఆలోచన ఉంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం చేతిలో ఉండాలి. భారత ప్రభుత్వం పెట్టిన జాబితాలో పెరూ ఉంది, పత్రం లేకపోతే దిగగానే క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే ఆ పత్రం చెల్లుతుంది. సెలవుల్లో ఇంటికి వెళ్తున్నారేమో మీరు చెప్పలేదు, వెళ్లేటట్టయితే ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.